కుదురు

నిన్న సాయంత్రం తిప్పిన గిన్నె
ఈ ఊళ్ళో అంత తొందరగా ఆరదు.
సముద్రం ఎప్పుడూ ఎవరి పనిలోనో
తడిచెయ్యి పెడుతూనే ఉంటుంది.
గోనె కప్పి, గోనె తీసి,
ఫ్యాను కిందికి జరిపి, మళ్ళీ వెనక్కి జరిపి,
నాలుగింటికి లేచి చెంపకి ఆనించి చూశాను.
చల్లగా ఉంది. ఇంకా కాదు.

తొమ్మిదింటికి సన్యాసమ్మ గోరుతో గీసింది.
"చెప్పుతోలు లాగుండాల, అంతే.
మెత్తగుంటే సాగుతాది, ఎండితే బీటేస్తాది.
ఇప్పుడు బోర్లించీ, బేగి."

కంచరపాలెం గేటు వెనక రేకుల షెడ్డు.
గూడ్సు పోయినప్పుడల్లా
నీళ్ళ డబ్బాలో వలయాలు.
బోర్లించిన గిన్నె చక్రం నడిమధ్యకి రావాలి,
రాదు,
తాగినవాడిలా ఓ పక్కకి తూలుతుంది.
తిరుగుతున్న దానికి ఆమె చూపుడువేలు ఆనిస్తుంది.
ఎత్తు తగిలిన చోట ఓ చిన్న తట్టు,
మళ్ళీ ఓ తట్టు,
నిద్రపోయే పిల్లాణ్ణి జరిపినట్టు
మధ్యకి చేరిపోతుంది.
నేను తడితే గోడకి పోతుంది.

మూడు మట్టిముద్దలు అంచు చుట్టూ నొక్కి
హాక్సా బ్లేడు వంచి తాడు చుట్టిన బద్దె
చేతిలోకి తీసుకున్నాను.

ముప్ఫై ఒక్క ఏళ్ళు షిప్‌యార్డులో
నా పని ఓడల అడుగున.
డ్రై డాకులో నీళ్ళు తోడేశాక
గుల్లలు, నాచు, తుప్పు పొరలు,
ఎవరూ ఫోటో తీసుకోని వైపంతా నాది.
గీకి, కడిగి, సుత్తితో తట్టి వినేవాణ్ణి.
మంచి రేకు ఖంగుమంటుంది,
తుప్పు తిన్నది దగ్గుతుంది.
తరవాత అంకెలు చూపించే మిషన్లొచ్చాయి.
అంకె చూశాక కూడా ఓసారి తట్టేవాణ్ణి.

మట్టి సుళ్ళు సుళ్ళుగా ఒళ్ళో రాలుతోంది
గ్రైండరు కింద రవ్వల్లాగే,
కాకపోతే చల్లగా.

"ఆగు. తట్టు."
తట్టాను. మూసిన తలుపు.
ఇంకాస్త తీసి తట్టాను.
తలుపే, అవతల ఎవరో ఉన్నట్టు.

టీ చల్లార్చుకుంటూ అంది సన్యాసమ్మ:
"మా అత్త కుండలకి కాళ్ళెక్కడివి?
అన్నీ గుండ్రటియ్యే. గడ్డితో చుట్టకుదురు చేసి
దాని మీద కూకోబెట్టీవోళ్ళం.
ఈ ఫ్లాట్లోళ్ళ టేబిళ్ళ మీద కుదురెవడేస్తాడు?
గిన్నే దాని కుదురు అది మోసుకోవాల."

బళ్ళో నా పేరు కుదురులేనోడు.
అరవై రెండేళ్ళకి దాన్ని చెక్కుతున్నాను
బయట ఒక గీత, లోపల ఒక గీత,
మధ్యలో చిటికెనవేలంత వలయం ముట్టుకోకుండా.
లోపలి మట్టి తీసేకొద్దీ
వలయం దానంతటదే లేచి నిలబడింది.
బాగుంది. చాలా బాగుంది.
ఇంకొక్క పొర.
తట్టకుండా తీశాను.

బద్దె కింద ఓ నల్లచుక్క.
చక్రం ఆగేలోపు రూపాయి బిళ్ళంత.

తొంభై నాలుగులో ఓ బొగ్గు ఓడ అడుగున
నా సుత్తి సరాసరి లోపలికి దిగబడింది.
చేతులు వణికాయి. ఉద్యోగం పోయిందనుకున్నాను.
ఫోర్‌మన్ బొట్టా ఎర్రినాయుడు టార్చి వేసి చూసి
"కన్నం నువ్వు పెట్టలేదురా,
ఉన్నదాన్ని చూశావంతే" అన్నాడు.
ఆ మాటతో ఇన్నేళ్ళు బతికాను.
ఇది మాత్రం లేదు.
నేనే పెట్టాను.

సన్యాసమ్మ కన్నంలోంచి వేలు దూర్చి
అటునించి నాకేసి ఆడించింది.
"కరేపాకు మొక్కకి బాగుంటాది. నీళ్ళు నిలవవు."
అరలో పెట్టింది.
అక్కడ ఇప్పటికే నావి ఏడు కుండీలున్నాయి.

ఒళ్ళో రాలినదంతా దులిపి బకెట్లో వేశాను,
నానితే మళ్ళీ మట్టే.
హార్బరు వైపు ఏదో ఓడ కూత.
కిటికీ దగ్గరున్న రెండో గిన్నె మీద
అప్పుడే పోర్టు బొగ్గుపొడి పల్చగా వాలింది.
మోచేత్తో తుడిచి, చెంపకి ఆనించి,
బోర్లించాను.
చక్రం తిప్పి వేలు ఆనించాను.
తట్టాను.
ఈసారి గోడకి పోలేదు.
మధ్యకీ రాలేదు.